ముందు ఆకాశం వచ్చింది

కళ్ల ముందు నల్లచుక్కలు ఎగురుతుంటే పురుగులనుకుని ఊరుకోకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే రాయడం మొదలుపెట్టాను. చెప్పేశాక కూడా చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ప్రమాదం గడిచింది. జరిగింది జరిగినట్టు రాసుకుంటే నా మనసు కొంత కుదుటపడుతుందనీ, ఇలాంటి ఆపరేషన్‌కి వెళ్లబోతున్నవాళ్లకి కాస్త ధైర్యంగా ఉంటుందనీ అనిపించింది.

నేను బొమ్మలు వేస్తాను. చెట్లు, కొండలు, నేల, ఆకాశం. మనుషుల్ని వెయ్యడం నాకు రాదు. అరిజోనాలోని చాండ్లర్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. ఇలా రాసి, 'ఉంటున్నాను' అని దిద్దుకోవాలి. మా ఆయన రఘు ఇక్కడ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఫిబ్రవరిలో గుండె ఆగి పోయారు. మాకు పిల్లలు లేరు.

ఈ ఎడారిలో ఋతువులేమిటి, ఎండాకాలం, దాని తర్వాత ఇంకో ఎండాకాలం అని మావాళ్లు నవ్వుతారు. బొమ్మలు వేసేవాళ్లకి ఋతువులు ఉంటాయి. చలికాలంలో ఎండ ఏటవాలుగా పడుతుంది. నీడలు పొడుగ్గా, నీలంగా ఉంటాయి. ఎర్రమట్టి కూడా చల్లగా కనిపిస్తుంది. వసంతంలో పాలోవర్దీ చెట్లు ఒక్కసారిగా పూసి, ఆగి ఉన్న కార్ల మీదంతా పసుపు రాలుతుంది. జూన్ మధ్యాహ్నం రంగులే ఉండవు, వెలుగు అన్నిటినీ తుడిచేస్తుంది. ఆ తర్వాత వానలు. మబ్బు కిందినుంచి సాయంత్రపు ఎండ దూరినప్పుడు, ఎడారి పొదలు కాసేపు మరెప్పుడూ లేనంత ముదురు ఆకుపచ్చగా ఉంటాయి.

ఆరుబయట కూర్చుని వేసేవాళ్లకి ఒక నియమం ఉంది. వెలుతురు గంటన్నర, రెండు గంటలకి మించి ఒకేలా ఉండదు. మొదలుపెట్టినప్పటి వెలుతురు పోయాక కూడా వేస్తూ కూర్చుంటే, బొమ్మలో రెండు సూర్యుళ్లు ఉన్నట్టు అవుతుంది. అందుకని ఆపేసి, మర్నాడు అదే వేళకి మళ్లీ రావాలి. నాకు ఆపడం చేతకాదు. రఘు ఆపించేవారు. పక్కన మడతకుర్చీలో ఏదో చదువుకుంటూ, తలెత్తి చూసి, "పద్మా, నీ ఎండ వెళ్లిపోయింది" అనేవారు.

ఉత్తరాన, కొండల మీద ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరుంది. దానికి పైన ఒక గడ్డిమైదానం, చుట్టూ ఆస్పెన్ చెట్లు. తెల్లటి మానులు, అక్టోబరు మొదట్లో పసుపెక్కే ఆకులు. ఆ ఒక్క చోటునే నాలుగు ఋతువుల్లోనూ వెయ్యాలని నా కోరిక. మంచు కుదిరింది. వసంతం, వేసవి కుదిరాయి. శరత్తు మాత్రం ఏటా చెడిపోతోంది. ఆకులోంచి వెలుతురు దూరి వచ్చినప్పటి పసుపు వేరు, ఆకు మీద వెలుతురు పడినప్పటి పసుపు వేరు. నా చేతిలో రెండూ కలిసిపోయి గోడకి వేసిన సున్నంలా తయారయ్యేవి. కిందటేడు కూడా రంగంతా గీకేశాను. "వచ్చే ఏడు మళ్లీ వద్దాంలే" అన్నారు రఘు. ఆ వచ్చే ఏడు ఇదే.

సెప్టెంబరు, వానల చివర

ఆయన పోయాక నేను మళ్లీ రంగులు ముట్టుకున్నది జూలైలో. రూత్ లాక్కెళ్లింది. శనివారాలు బయటికి వెళ్లి బొమ్మలు వేసే మా బృందంలో మనిషి. నాకంటే పెద్దది, మాట కటువు, మనసు మంచిది. ఆమె కారులో ఫ్లాగ్‌స్టాఫ్ మైదానానికి వెళ్లి ఒక చిన్న బొమ్మ వేసుకొచ్చాను. ఆ సంగతి ఇందిరకి ఫోన్‌లో చెప్పాను. ఇందిర మా ఆడపడుచు, రఘుకి ఒక్కతే చెల్లెలు. జార్జియాలో, అల్ఫారెట్టాలో ఉంటుంది.

"ఏడాది తిరక్కుండా కొండెక్కావా వదినా?" అంది.

మన ఇళ్లల్లో మనిషి పోతే, ఏడాది దాకా ఆ ఇంటివాళ్లు కొండమీది గుడికి వెళ్లరు. నాకు అలాంటి పట్టింపులు లేవు.

"అది దేవుడున్న కొండల సంగతి ఇందిరా."

"దేవుడు లేని కొండ ఎక్కడుందో చెప్పు, నేనూ చూస్తా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఊరి చివర కూర్చుని మబ్బు వేస్తున్నాను. పచ్చి రంగు మీద ఒక పురుగు వాలింది. ఈ కాలంలో అది మామూలే. రంగులు కలిపే కత్తి మొనతో తీయబోయాను. పురుగు పక్కకి జరిగింది. మళ్లీ తీయబోతే మళ్లీ జరిగింది. నేను తల ఎటు తిప్పితే అటు వచ్చింది. ఇంకొన్ని చేరాయి. దోమలు ఎక్కువగా ఉన్నాయనుకుని సామాను సర్దుకున్నాను. తర్వాతి రోజుల్లో కంటి పక్కన మెరుపులు మెరిశాయి. వానల కాలం కదా, మెరుపులనే అనుకున్నాను. ఒక పొద్దున్న కాఫీ కలుపుతుంటే కుడికంటి మూల కిందినుంచి బూడిదరంగు తెర లేచింది. కన్ను నలిపాను. తెర పోలేదు.

నా ఎడమ కన్ను పుట్టుకతోనే మందం. పక్కనున్న మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. నేను ఇన్నేళ్లూ వేసిందంతా కుడికంటితోనే. ఆ సంగతి కంటి సర్జన్‌కి చెప్పినప్పుడు ఆమె ఒక క్షణం రాయడం ఆపి, "అయితే రేపటిదాకా ఆగొద్దు" అంది. కంటి వెనక వెలుగును పట్టుకునే పొర గోడనుంచి ఊడి వస్తోందట. చూపు ఎంతవరకు తిరిగి వస్తుందో ముందే చెప్పలేనంది. రంగులు తెలుస్తాయా అని అడిగాను. "ముందు పొరను నిలబెట్టనివ్వండి" అంది.

ఇందిరకి ఫోన్ చేశాను. మాట సగంలోనే, "పెట్టేయ్ వదినా, టికెట్ బుక్ చేసుకోవాలి" అని పెట్టేసింది. ఆపరేషన్ గదిలోంచి నన్ను బయటికి తెచ్చేటప్పటికి ఆమె గుమ్మంలో ఉంది. మొహం కనబడలేదు. అన్నయ్యలాగే ఆమెకీ గొంతు సవరించుకుని మాట్లాడటం అలవాటు. దానితో గుర్తుపట్టాను.

నేల వైపు చూసిన రోజులు

పొరను అతికించాక, అది గట్టిపడేదాకా నొక్కిపట్టడానికి కంట్లో గ్యాస్ బుడగ పెడతారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి, అది కంటి వెనక గోడకి ఆనాలంటే మనిషి మొహం నేలవైపు ఉండాలి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు, నడిచేటప్పుడు కూడా. వారం పైగా నాకు ప్రపంచమంటే, ఎడమకంటికి ఆనినంతలో, హాల్లోని పలకల నేల, ఇందిర పాదాలు.

ఇందిర ఉద్యోగం ల్యాప్‌టాప్‌లోనే కనుక మా ఇంట్లో ఉండే చేసుకునేది. నన్ను డాక్టరు కంటే ఎక్కువ కట్టుదిట్టంగా చూసుకుంది.

"ఇవాళ పప్పు చెయ్యలేదేం?"

"పప్పు తింటే చీము పడుతుంది. డాక్టర్ వద్దంది."

"ఆ డాక్టర్‌కి పప్పంటే తెలుసా?"

"లెంటిల్స్ అంటే తెలీదా ఏంటి? వంకాయ కూడా వద్దంది. తలంటుకోవద్దంది. ఫ్లైట్ ఎక్కద్దంది. కొండెక్కద్దంది."

"వీటిల్లో డాక్టర్ చెప్పినవెన్ని, నువ్వు చెప్పినవెన్ని?"

"అన్నీ నీ మంచికే."

ఆపరేషన్ అయినరోజు నర్సు చెప్పిన జాగ్రత్తలన్నీ విన్నది ఇందిరే. నేను మత్తులో ఉన్నాను. విమానం సంగతి నిజమని నాకు తెలుసు, చేతికి ఒక ఆకుపచ్చ పట్టీ కట్టి దానిమీద రాశారు. కొండ సంగతి మాత్రం పప్పు, వంకాయల పక్కన పెట్టేశాను.

నాకు అన్నిటికంటే కష్టమైంది వెలుతురు లేకపోవడం. చీకటి కాదు, కుడికంట్లో అంతా తెల్లటి మసక. పొద్దు ఎంతైందో, ఎండ ఎటు తిరిగిందో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం ఇందిరని అడిగాను.

"బయట ఎండ ఎలా ఉంది?"

"ఎండలాగే ఉంది."

"ఏ రంగులో?"

"పసుపు."

"ఏ పసుపు?"

"పసుపులో ఏ పసుపేంటి వదినా? డబ్బాలో పసుపు."

"ఎదురింటి గోడ చూసి చెప్పు."

లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. "పోపులో మినప్పప్పు ఉంటుందా, అది ఎర్రబడబోయే ముందు ఒక రంగుకొస్తుంది చూడు. అప్పుడే స్టవ్ ఆపకపోతే మాడిపోతుంది. ఆ రంగు" అంది.

నాకు గోడ కనబడింది. పొద్దు ఎంతైందో కూడా తెలిసింది.

అప్పట్నుంచి అడక్కుండానే చెప్పేది. మీటింగ్ మధ్యలో మ్యూట్ చేసుకుని, "వదినా, దూరం కొండ చింతపండు పిసికిన నీళ్లలా ఉంది" అనేది. "ఇప్పుడు చూడు, పాలు విరిగినట్టు మబ్బు" అనేది. ఒకసారి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నా కళ్ల కింద, ఆమె పాదాల దగ్గర, పలక మీద తడి మెరిసింది.

"ఏమైంది?"

"అన్నయ్య కుర్చీ మీద పడింది ఎండ. చెప్పనా?"

"చెప్పు."

"తెల్లగా ఉంది. ఏ రంగూ లేదు."

ఆమె మళ్లీ పనికి వెళ్లింది.

చెకప్‌కి వెళ్లినప్పుడు వెయిటింగ్ రూమ్‌లో నాలాంటివాళ్లు ఇంకొందరు ఉండేవారు. అందరం నేల చూస్తూ కూర్చునేవాళ్లం. ఒకరినొకరం చెప్పులతో గుర్తుపట్టేవాళ్లం. నా పక్కన తరచు కూర్చునేది ఒక జత పాత తోలు బూట్లు. గొంతునిబట్టి పెద్దాయన. పశువులు పెంచే మనిషినని చెప్పాడు. మెడ నొప్పికి వేడినీళ్ల సీసా పెట్టుకొమ్మని, చేతిలో చిన్న అద్దం పట్టుకుంటే ఎదుటివాళ్ల మొహం కనిపిస్తుందని చెప్పింది ఆయనే. ఒకరోజు ఏదో అడగబోయి మొహమాటపడ్డాడు.

"తప్పుగా అనుకోకండి. మీ కాలివేళ్ల మీద ఆ తెల్ల గీతలేమిటి? వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. చూడటానికి ఇంకేమీ లేదు కదా."

మెట్టెలు తీసిన గుర్తులవి. మా పెళ్లయిన ఆడవాళ్లు అక్కడ ఉంగరాలు పెట్టుకుంటారనీ, మా ఆయన పోయారనీ చెప్పాను. మెట్టెలు తియ్యాలని నాకు నమ్మకం లేకపోయినా, ఎవరూ అడగకుండానే నేనే తీశాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

బూట్లు కాస్త కదిలాయి. "నేను నాది తియ్యలేదు. వేలు లావైంది, రాదు" అన్నాడు ఆయన. చెయ్యి కిందికి చాపి, నాకు కనిపించేలా ఉంగరం చూపించాడు. ఇంతలో నన్ను లోపలికి పిలిచారు.

అక్టోబరు

తల ఎత్తవచ్చని చెప్పాక మొదట చూసింది ఆకాశం. కావాలని కాదు. బుడగ కరుగుతున్నకొద్దీ చూపు పైనుంచి కిందికి తెరుచుకుంటూ వస్తుంది. ముందు పైన ఒక సన్నటి పట్టీ స్పష్టంగా వచ్చింది. దాని కింద ఒక గీత. గీత కింద అంతా నీళ్లు నింపినట్టు మసక. తల ఊపితే ఆ గీత ఊగేది. రోజూ కొంచెం దిగేది. ఇళ్ల కప్పులు వచ్చాయి, చెట్ల తలలు వచ్చాయి. బొమ్మలో నేనెప్పుడూ ముందు ఆకాశమే వేస్తాను. ఈ వరస నాకు అలవాటైనదే. భయం తగ్గింది. తగ్గాల్సినంతకంటే ఎక్కువే తగ్గింది.

గీత సగానికి వచ్చినప్పుడు రూత్ ఫోన్ చేసింది. పైన ఆస్పెన్ ఆకులు పసుపెక్కాయట. ఒక్క గాలి వీస్తే రాలిపోతాయి. "డాక్టర్ ఏమంది?" అని అడిగింది.

"డ్రైవ్ చెయ్యొద్దంది. ఫ్లైట్ ఎక్కొద్దంది."

"నేను డ్రైవ్ చేస్తాను. నాకు రెక్కలు లేవు" అంది రూత్.

ఇందిర ల్యాప్‌టాప్ మూసింది. "కొండెక్కద్దని డాక్టర్ చెప్పిందన్నానా?"

"పప్పు వద్దని కూడా డాక్టరే చెప్పిందన్నావు."

"పప్పు నేనన్నది. కొండ డాక్టరన్నది."

"ఎంత వీలుగా ఉందో చూడు. డాక్టరూ నీలాగే ఏడాది లెక్క పెడుతోందన్నమాట."

"ఒట్టు వదినా. అన్నయ్య మీద ఒట్టు."

"లేని మనిషి మీద ఒట్లేమిటి ఇందిరా."

ఆమె ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆసుపత్రికి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే విషయం. అది నాకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఇంట్లో మొదలైన గొడవలో బయటివాళ్లని అడగాలని ఎవరికీ తోచదు. అప్పుడు నేను వాదిస్తున్నది ఇందిరతో కూడా కాదనుకుంటాను. ఈ ఏడు కూడా ఆ పసుపు దాటిపోతే, ఆయన అన్న 'వచ్చే ఏడు' ఇక రాదనిపించింది.

మర్నాడు పొద్దున్న రూత్ కారు వచ్చేసరికి ఇందిర బూట్లు వేసుకుని, దద్దోజనం డబ్బా పట్టుకుని వాకిట్లో ఉంది. నా వైపు చూడకుండా వెనక సీట్లో కూర్చుంది.

ఫీనిక్స్ దాటాక రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. నిలువు స్తంభాల్లాంటి ముళ్లచెట్లు పలచబడి, ఎండిన గడ్డి వస్తుంది. గడ్డి రంగు చూస్తున్నాను. గడ్డి పైన కొండ గట్టు, దాని పైన ఆకాశం. నా కంట్లో గీత గట్టుకి కిందుగా ఉంది. కాసేపటికి గట్టు మీదికి వచ్చింది. కారు ఊగుతోందనుకున్నాను. ఇంకాస్త ఎక్కాక గట్టు మునిగిపోయింది. ఇన్ని రోజులుగా దిగుతూ వచ్చిన గీత పైకి లేస్తోంది. కన్ను లోపలినుంచి ఎవరో బొటనవేలితో నెడుతున్నట్టు నొప్పి మొదలైంది.

"రూత్, కాస్త ఆపు" అన్నాను.

"ఏమైంది వదినా? నొప్పా?"

"గీత పైకి వస్తోంది."

ఇందిర ముందుకి వంగి రూత్ భుజం పట్టుకుంది. "టర్న్ ద కార్! ఆపద్దు, డోంట్ స్టాప్! గో డౌన్, డౌన్!"

రూత్ ఎందుకని అడగలేదు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి కారు వెనక్కి తిప్పింది. అప్పటికి ఆకాశం కూడా బూడిదరంగైంది. దీపం తగ్గిస్తున్నట్టు పక్కలనుంచి నలుపు వస్తోంది. ఇందిర ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. నర్సు గొంతు గట్టిగా వినిపించింది: ఎత్తుకి వెళ్తే బుడగ ఉబ్బుతుంది, ఆపరేషన్ రోజునే చెప్పాం కదా, ఎక్కడా ఆగకుండా కిందికి రండి.

'చెప్పానా' అని ఇందిర అనలేదు. వెనకనుంచి చెయ్యి చాపి నా మెడమీద అరచెయ్యి ఆనించి, దారంతా అలాగే ఉంచింది. కాసేపటికోసారి అడిగేది.

"గీత ఎక్కడుంది?"

"పైనే."

"ఇప్పుడు?"

"అక్కడే."

"ఇప్పుడు చూడు వదినా, చాలా దిగాం."

"కొంచెం ఆకాశం కనిపిస్తోంది."

"ఏ రంగు?"

"తెలీడం లేదు."

"పర్లేదు. ఉంది కదా."

ఆసుపత్రిలో చుక్కల మందులు వేసి, ఒత్తిడి తగ్గేదాకా కూర్చోబెట్టారు. సర్జన్ నా మీద కోప్పడలేదు. "ఇంకాస్త పైకి వెళ్లుంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు" అంది. కంటి నరానికి దెబ్బ తగిలిందో లేదో బుడగ పూర్తిగా పోయాకే తెలుస్తుందట. అంటే ఇంకో నెల.

ఇంటికొచ్చి, చల్లబడిన దద్దోజనం ముగ్గురం వంటింట్లో నిలబడి తిన్నాం. రూత్ వెళ్లిపోయాక ఇందిర అంది: "శాస్త్రమూ డాక్టరూ ఒకే మాట చెప్పడం జన్మకోసారి జరుగుతుంది వదినా. నువ్వు ఇద్దరిదీ వినలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నిన్న అన్న మాట..." అని మొదలుపెట్టాను.

"అన్నయ్య గురించా? వదిలేయ్. నేను ఒట్టు పెట్టుకోవాల్సింది కాదు." గిన్నె కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది: "నువ్వు కొండెక్కావనే కన్ను పోయిందని మొదట్లో అనుకున్నా. పైకి అనలేదు. దేవుడి మీద భయంతో కాదు. పుట్టింటి వైపు నాకు మిగిలింది నువ్వే. నీకేమన్నా అయితే నేను ఎవరితో పోట్లాడను?"

నవంబరు

ఎదురుచూడటం ఒక పని అని అప్పుడు తెలిసింది. పొద్దున్న లేవగానే కళ్లు తెరవకుండా కొంతసేపు పడుకునేదాన్ని. తెరిచి గీత ఎక్కడుందో చూసుకునేదాన్ని. అది దిగి దిగి, గీత కాస్తా గుండ్రమై, చూపు అడుగున నల్లటి గోలీలా దొర్లేది. గోలీ శనగగింజంత అయింది, ఆవగింజంత అయింది. ఒక పొద్దున్న లేదు. ఎక్కడో ఉంటుందని తల అటూ ఇటూ వంచి వెతికాను.

సర్జన్ చాలాసేపు చూసింది. ఇందిర తన పర్సు జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చుంది. "నరం బాగానే ఉంది" అంది సర్జన్. చార్టులో కింది వరసల దాకా చదివించింది. ఇందిర జిప్పు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది.

కానీ చార్టులో అక్షరాలు తిన్నగా లేవు. వరస మధ్యలో చిన్న వంపు. ఇంటికొచ్చి చూస్తే తలుపు చట్రానికి నడుము దగ్గర వంపు. రోడ్డు పక్క కరెంటు స్తంభానికీ వంపే. ఊడి అతుక్కున్న పొరలో చిన్న ముడత ఉండిపోవచ్చట. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి అలాగే ఉంటుంది. మనుషులు దీనితో హాయిగా బతుకుతారని సర్జన్ అంది. నిజమే, బతకడానికి ఇబ్బంది లేదు. అయితే నేను వేసిన గీత వంకరో, చూసిన కన్ను వంకరో తెలియకపోతే బొమ్మ ఎలా వెయ్యను? రంగుల పెట్టె అలమరలో పెట్టేశాను. ఇందిర చూసింది.

పైన ఆస్పెన్ ఆకులు ఎప్పుడో రాలిపోయాయి. ఆ మాట రూత్‌తో అంటే, "ఇన్నేళ్లుగా ఇక్కడుండి ఇంకా తెలీదా?" అని కసిరింది. ఈ రాష్ట్రంలో శరత్తు కొండమీద మొదలై నెమ్మదిగా కిందికి దిగుతుంది. కిందున్న మా లోయకి, నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల దగ్గరికి వచ్చేసరికి డిసెంబరవుతుంది. నాకు తెలియక కాదు. నేనెప్పుడూ పైకే చూశాను.

డిసెంబరు

ఇందిర అల్ఫారెట్టా వెళ్లడానికి ఇంకో వారం ఉంది. "మీ ఆయన ఏం తింటున్నాడో పాపం" అంటే, "అన్నం వండటం నేర్చుకున్నాడు. నీ కన్ను వల్ల మా ఇంటికి జరిగిన మేలు అదొక్కటే" అంది. ఆ శనివారం అలమర తలుపు తీసి, రంగుల పెట్టె తనే కారులో పెట్టింది.

ఊరికి ఈశాన్యంగా సాల్ట్ నది. చలికాలపు పొద్దు, నీళ్లమీద పలచటి ఆవిరి. అవతలి ఒడ్డున కాటన్‌వుడ్‌లు పసుపెక్కి ఉన్నాయి. ఇవతల మాకు దగ్గర్లో పెద్ద చెట్టు ఒకటి. ఎండ దాని వెనకనుంచి వస్తోంది. పై ఆకుల్లోంచి వెలుతురు దూరుతోంది, కింది ఆకులు నీడలో ఉన్నాయి. ఆస్పెన్ పసుపంత పదును లేదు. గోధుమరంగు కలిసిన, బరువైన పసుపు. కొన్ని నిమిషాలు ఊరికే చూశాను. రెండు పసుపులూ విడివిడిగానే కనిపించాయి.

ముందు ఆకాశం వేశాను. తర్వాత ఆకుల రాశి. మాను దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. నాకు కనిపించినట్టే ఒక గీత వేశాను. నడుము దగ్గర అది పక్కకి వంగింది. తలుపు చట్రం, కరెంటు స్తంభం గుర్తొచ్చాయి. దిద్ది తిన్నగా చేశాను. చూస్తే అది చెట్టులా లేదు. మళ్లీ వంచబోయాను. ధైర్యం చాలలేదు.

ఇందిర పక్కన రాతిమీద కూర్చుని ఆఫీస్ మెసేజ్‌లు చూసుకుంటోంది.

"ఇందిరా, ఆ చెట్టు వంకరగా ఉందా?"

తలెత్తి చూసింది. "ఇక్కణ్ణుంచి నాకూ సరిగ్గా తెలీట్లేదు. ఎండ కళ్లల్లో కొడుతోంది. ఉండు."

ఫోన్ రాతిమీద పెట్టి లేచింది. ఇసుకలో కాళ్లు కూరుకుపోతుంటే బూట్లు విడిచి చేత్తో పట్టుకుని నడిచింది. చెట్టు దగ్గరికి వెళ్లి, బూట్లు కింద పడేసి, రెండు చేతులూ మానుకి ఆనించింది. మొదలునుంచి పైకి, చెయ్యి అందినంతవరకు తడుముకుంటూ వెళ్లింది. ఒకచోట ఆగి, మళ్లీ కిందికి తడిమి, మళ్లీ పైకి వెళ్లింది. కుక్కని నడిపించుకుంటున్న ఒకాయన నిలబడి చూస్తున్నాడు.

"చెట్టే వదినా!" అని అక్కణ్ణుంచి అరిచింది. "నీ కన్ను కాదు, చెట్టే వంకర! ఇదిగో, ఇక్కడ, నా భుజం దగ్గర, ఇటు తిరిగింది!" చెయ్యి మోచేతి దగ్గర వంచి, ఎంత వంకరో చూపిస్తూ అలాగే నిలబడింది.

గుడ్డ తీసుకుని, నేను దిద్దిన గీతని తుడిచేశాను. మొదట నాకు ఎలా కనిపించిందో అలాగే మళ్లీ వేశాను.